అమ్మానాన్న లేని పిల్లవాణ్ణి కఠినమైన బోర్డింగులో ఉంచాలా, తీసేయాలా?

చెల్లెమ్మా, మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను. పొద్దున లేచి మళ్ళీ చదివాను. తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలని మీరు అడిగింది ముందు నా మాటల్లో రాస్తాను.

మీ అక్కా బావా ఇద్దరూ పోయారు. వాళ్ళ పిల్లవాడికి పదేళ్ళు. ఏడాదిన్నరగా ఒంగోలు అవతల ఒక మతసంస్థ నడిపే బోర్డింగులో ఉండి ఐదో తరగతి చదువుతున్నాడు. దసరా సెలవులకి కావలిలో మీ ఇంటికి వచ్చాడు. స్నానం చేయిస్తుంటే పిక్కల మీద తట్లు కనిపించాయి. అడిగితే జారిపడ్డానన్నాడు. రాత్రుళ్ళు పక్క తడుపుతున్నాడు. అన్నం ఎవరో లాక్కుంటారన్నట్టు తింటున్నాడు. అక్కడి సంగతులేవీ చెప్పడు గానీ ఒక స్నేహితుడి గురించి మాత్రం గంటలు గంటలు చెబుతాడు. "ఇక వెళ్ళొద్దులేరా, ఇక్కడే చదువుకో" అని మీరంటే, "వాడొక్కడే అయిపోతాడు పిన్నీ" అని ఏడ్చాడు. మీ అత్తగారేమో "ఆ మాత్రం భయం లేకపోతే మగపిల్లలు చేతికి రారు" అంటున్నారు. సెలవులు ఇంకా ఆరు రోజులున్నాయి. పంపాలా, మానాలా?

నా జవాబు: పంపకండి. అయితే ఆ స్నేహాన్ని మాత్రం తెంచకండి. ఈ రెండో మాట చాలామంది పట్టించుకోరు. నేను ఇంత పొడుగ్గా రాసేది దాని కోసమే.

ముందు ఒక్క విషయం. పిల్లవాడి ఒంటి మీద కాల్చిన మచ్చలున్నా, పెద్దవాళ్ళు గానీ పై తరగతి పిల్లలు గానీ వాణ్ణి తాకకూడని చోట తాకుతున్నారని మీకు ఏ కొంచెం అనుమానం వచ్చినా, కింద రాసిందంతా తర్వాత చదువుకోండి. ఇప్పుడే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు. అలా తాకుతున్నారని తెలిసి కూడా చెప్పకపోవడం, పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం.

నా సంగతి చెప్పాలి, లేకపోతే ఈ మాటలకి విలువ ఉండదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పిల్లల హోముల్లో కౌన్సెలరుగా 22 ఏళ్ళ నుంచి పనిచేస్తున్నాను. అంతకుముందు ఎనిమిదేళ్ళ వయసు నుంచి పదహారు దాకా నేనూ అలాంటి బోర్డింగులోనే పెరిగాను. అమ్మ నా చిన్నప్పుడే కాన్పులో పోయింది. నాన్న పులికాట్‌లో చేపల వేటకి వెళ్ళేవాడు. 1984 నవంబరు తుపాను సూళ్ళూరుపేట, శ్రీహరికోట వైపు తీరం దాటింది. నాన్న తిరిగి రాలేదు. మిగిలింది అవ్వ, కూలికి పోయే మనిషి. ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన చెబితే, మరుసటి జూన్‌లో నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళి బోర్డింగులో వదిలింది. ఒక రేకుపెట్టె, రెండు జతల బట్టలు, ఒక సత్తుపళ్ళెం. "బాగా చదువుకో నాయనా" అని గేటు దాకా వెనక్కి వెనక్కి నడిచింది.

ఆ బోర్డింగు పేరు రాయను. అది పెట్టినవాళ్ళ మీద నాకు కోపం లేదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నెల్లూరికి 1840లో వచ్చారు, 1866లో వాళ్ళలో క్లౌ అనే దొర ఒంగోలులో మకాం పెట్టాడు. 1876–78 కరువులో, ఆ తర్వాతా, ఊరి బడి గుమ్మం తొక్కనివ్వని మా పెద్దలకి పలకా బలపం ఇచ్చింది మిషన్ బళ్ళే. మా తాత సంతకం పెట్టగలిగాడంటే దాని చలవే. ఆ రుణం నాకు తెలుసు. నన్ను కొట్టిన చేయి కూడా నాకు తెలుసు. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కప్పిపెట్టడం నాకు ఇష్టం లేదు.

నాలుగున్నరకి గంట. ఐదింటికి ప్రార్థన. గంట ఆగాక వచ్చినవాడు ప్రార్థన అయ్యేదాకా గులకరాళ్ళ మీద మోకాళ్ళేయాలి. రాత్రి అన్నానికి ముందు వాక్యం ఒప్పజెప్పాలి. తప్పితే అరచేతుల మీద చింతబరికె. రెండోసారి తప్పితే పళ్ళెం బోర్లించాలి. పళ్ళెం బోర్లించడమంటే ఆ పూటకి తిండి లేదని. బోర్లించిన పళ్ళెం ముందు కూర్చుని, మిగతావాళ్ళు తినడం అయ్యేదాకా చూడాలి.

ఇవన్నీ అందరు పిల్లలకీ ఉన్నవే. అమ్మానాన్న లేనివాళ్ళకి వేరే లెక్క ఉండేది. దీన్ని మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. రెండో శనివారం తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చే రోజు. ఆ వారం మొదట్నుంచే, మనుషులు వచ్చే పిల్లల మీద చేయి పడేది కాదు. తట్లు కనిపిస్తాయని. మాకు ఎవరూ రారని వార్డెన్‌కి తెలుసు, వంటమనిషికి తెలుసు, పై తరగతి పిల్లలకి తెలుసు. ఆ వారమంతా దెబ్బలు మావైపు మళ్ళేవి. తల్లిదండ్రులు లేని పిల్లవాడికి అక్కడ పెద్ద ప్రమాదం వాడి గురించి అడిగే మనిషి లేకపోవడమే. నా ఉద్యోగంలో ఏ హోముకి వెళ్ళినా మొట్టమొదట అడిగేది ఇదే: ఈ నెలలో ఎవరికి ఎవరొచ్చారు? ఎవరూ రాని పిల్లల జాబితా తీస్తే, దెబ్బలు తినే పిల్లల జాబితా దాదాపు చేతికొచ్చినట్టే.

ఇక స్నేహం. నా పక్క చాపవాణ్ణి అందరూ బుడ్డోడు అనేవాళ్ళు. నాకంటే ఆరు నెలలు పెద్ద, నా భుజం దాకా వచ్చేవాడు. వాడికీ తండ్రి లేడు, తల్లి ఎక్కడుందో తెలీదు, మేనమామ తెచ్చి పడేశాడు. నాకు వాక్యాలు నోటికొచ్చేవి కావు. వాడికి ఒక్కసారి వింటే చాలు. ఒప్పజెప్పేటప్పుడు వరసలో నా వెనక నిలబడి, నేను ఆగిపోయిన చోట రాబోయే మాట మొదటి అక్షరాన్ని నా వీపు మీద వేలితో రాసేవాడు. చొక్కా మీంచి ఆ వేలు తగిలితే చాలు, మిగతా మాట దానంతటదే వచ్చేది. 'ప' అని రాస్తే 'ప', 'య' అని రాస్తే 'య'. ఏడాది పాటు అలాగే గడిచింది. పట్టుబడిన రోజు వాడికి పన్నెండు దెబ్బలు, నాకు ఆరు. వాడికి ఎక్కువ ఎందుకంటే, మోసం నేర్పింది వాడని.

వానాకాలంలో అందరికీ గజ్జి పట్టేది. బెంజైల్ బెంజోయేట్ అని తెల్లటి మందు ఇచ్చేవాళ్ళు. పూస్తే మంట. వీపు మీద మన చేయి మనకి అందదు కదా. అమ్మలున్న పిల్లలకి రెండో శనివారం అమ్మలు పూసేవాళ్ళు. మేమిద్దరం బావి దగ్గర ఒకడి వీపుకి ఒకడం పూసుకునేవాళ్ళం. వాడు పూస్తూ ఉఫ్ ఉఫ్ అని ఊదేవాడు. ఊదితే మంట తగ్గుతుందని వాడికి ఎవరు చెప్పారో తెలీదు. నిజంగానే తగ్గేది.

ఒక మొహర్రం రోజుల్లో, నెల్లూరు నుంచి కొత్తగా చేరిన ఒక పిల్లవాడు రొట్టెల పండుగ గురించి చెప్పాడు. స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా పక్కన, కోరిక తీరినవాళ్ళు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారని, అదే కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారని, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె అని రకరకాలుంటాయని. అన్ని మతాలవాళ్ళూ వస్తారని. ఆ ఆదివారం రాత్రి మాకు గోధుమరొట్టె పెట్టారు. బుడ్డోడు సగం నిక్కర్ జేబులో దాచాడు. నేనూ దాచాను. చీకటిపడ్డాక తొట్టి దగ్గరికెళ్ళి చేతులు నీళ్ళలో పెట్టి నిలబడ్డాం. వాడు "ఇంటి రొట్టె" అని నాకిచ్చాడు. నేను కూడా "ఇంటి రొట్టె" అని వాడికిచ్చాను. ఇద్దరిలో ఎవరికీ కోరిక తీరలేదు, ఇచ్చే హక్కు లేదు. ఆ నియమం మాకు అప్పుడు తట్టలేదు. ఎవరో వెళ్ళి చెప్పారు. వేరేవాళ్ళ దేవుడి పని చేశారని మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ నిలబెట్టారు. మూడు రోజులు పళ్ళేలు బోర్లించాం. రాత్రి ఎవరో మా చాపల మధ్య ఒక ఉప్పుబిస్కట్ల పొట్లం పెట్టి పోయారు. చెప్పినవాడే పెట్టాడని బుడ్డోడు చివరిదాకా నమ్మాడు.

మీకు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నన్ను ఎక్కువ దెబ్బతీసింది బరికె కాదు. ఏడో తరగతిలో ఒక మధ్యాహ్నం బడి నుంచి బోర్డింగుకి వచ్చేసరికి బుడ్డోడి పెట్టె లేదు. పెట్టె ఉన్న చోట నేల మీద నాలుగు పలకలుగా తుప్పు మరక. మేనమామ వచ్చి తీసుకెళ్ళాడట, ఏదో పనిలో పెట్టడానికి. తరగతి గది నుంచి పిలిపించి అటునుంచటే పంపేశారు. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఎవరికీ అనిపించలేదు. తొమ్మిది రోజులు నేను మాట్లాడలేదని తర్వాత లెక్కలయ్యవారు చెప్పారు. నాకు గుర్తులేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఎవరినీ పక్క చాపకి రానివ్వలేదని మాత్రం గుర్తుంది.

అందుకే మీ పిల్లవాడు "వాడొక్కడే అయిపోతాడు" అన్నప్పుడు, అది చిన్నపిల్లల మాటలే అని కొట్టిపారేయకండి. అమ్మానాన్న పోయాక వాడు తనంతట తాను సంపాదించుకున్న బంధువు ఆ స్నేహితుడు. మీరు పిన్ని, రక్తసంబంధం. వాడు ఏడాదిన్నరగా రాత్రుళ్ళు పక్కనున్నవాడు. ఒకసారి పోగొట్టుకున్న పిల్లవాడి దగ్గర్నుంచి ఇంకోసారి చెప్పకుండా మనిషిని తీసేస్తే, మీ ఇంట్లో ఎంత ప్రేమ పెట్టినా వాడు దాన్ని నమ్మడానికి భయపడతాడు. ఇదీ పోతుందిలే అని.

కనిగిరి వైపు ఒక హోములో ఇద్దరు ఆడపిల్లల్ని చూశాను. అక్కచెల్లెళ్ళు కారు గానీ ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళు. ఒకమ్మాయిని పెద్దమ్మ తీసుకెళ్ళింది, చాలా మంచి మనిషి. అమ్మాయి అన్నం మానేసింది. పెద్దమ్మ నాకు ఫోన్ చేసి "నేనేం తక్కువ చేశానయ్యా" అని ఏడ్చింది. ఏమీ తక్కువ చేయలేదు. ఆదివారం ఆదివారం పది నిమిషాలు ఫోన్ కలిపించాం, సంక్రాంతికి రెండో అమ్మాయిని మూడు రోజులు వాళ్ళింటికి పంపేలా బాలల సంక్షేమ కమిటీ దగ్గర అనుమతి తీసుకున్నాం. రెండో ఫోన్‌కే అమ్మాయి తినడం మొదలుపెట్టింది.

అలాగని కఠినంగా ఉండే బోర్డింగులన్నీ చెడ్డవని నేను అనను. మిషన్ హాస్టళ్ళు, వేద పాఠశాలలు, మదర్సాలు, అన్నీ చూశాను. తెల్లవారుజామున లేపడం, నోటికి నేర్పించడం, ఫోన్ ఇవ్వకపోవడం, తలకి నూనె పెట్టుకుని పొందిగ్గా కూర్చోమనడం, వీటి వల్ల పిల్లలు పాడవరు. ఒక వేద పాఠశాలలో పిల్లవాణ్ణి తీసేస్తామని మామయ్య పట్టుబడితే, నేనే ఉంచమన్నాను. గురువుగారు గట్టిగా మాట్లాడే మనిషే, కానీ పిల్లవాడికి జ్వరమొస్తే రాత్రి పక్కన కూర్చున్నది ఆయనే. పిల్లవాడు ఆయన మాట వచ్చినప్పుడు చూపు దించుకోలేదు. నేను చూసేవి నాలుగు: దెబ్బ, ఆకలి, నలుగురిలో అవమానం, దాపరికం. మొదటి మూడూ బయటికి పొక్కకుండా ఆపేది నాలుగోది. మిమ్మల్ని పడుకునే గది దాకా రానివ్వరు, పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడనివ్వరు, ఉత్తరాలు విప్పి చూస్తారు అంటే, మిగతా మూడూ ఉన్నాయనే లెక్కేసుకోండి. మీవాడి పిక్కల మీద తట్లున్నాయి, జారిపడ్డానని అబద్ధం చెబుతున్నాడు. ఆ అబద్ధం వాడికి ఎవరో నేర్పారు.

మీ అత్తగారితో గొడవపడకండి. ఆమె తరానికి బడి అంటే అదే. తట్లు ఆమెకి చూపించండి. మాటలతో చెప్పిందానికంటే అది పనిచేస్తుంది.

వాడితో ఎలా మాట్లాడాలి. ఎదురుగా కూర్చోబెట్టి "నిజం చెప్పు, కొట్టారా?" అని అడగొద్దు. చేతుల్లో ఏదో ఒక పని ఉండాలి. వేరుశనక్కాయలు వొలుస్తూనో, చిక్కుడుకాయలు తుంచుతూనో పక్కపక్కన కూర్చోండి. వాడి గురించి కాకుండా వాడి స్నేహితుడి గురించి అడగండి. "వాణ్ణి ఎప్పుడైనా కొట్టారా? ఎందుకు? అప్పుడు నువ్వేం చేశావు?" పిల్లలు తమ దెబ్బల గురించి చెప్పడానికి సిగ్గుపడతారు, స్నేహితుడి దెబ్బల గురించి కోపంగా చెబుతారు. ఆ కథలోనే వీడి కథ కూడా ఉంటుంది. మధ్యలో "అయ్యో" అనకండి, ఏడవకండి. మీరు ఏడిస్తే వాడు ఆపేస్తాడు. అడిగిందే మళ్ళీ మళ్ళీ అడగొద్దు. పక్క తడిపితే మాట్లాడకుండా దుప్పటి మార్చేయండి. దిండు కింద రొట్టెముక్కో బిస్కట్టో దొరికితే అక్కడే ఉంచండి. రోజూ దొరుకుతుందని నమ్మకం కుదిరాక దాచడం వాడే మానేస్తాడు.

వాడి దేవుణ్ణి మాత్రం ఏమీ అనకండి. కొట్టిన చేయి వేరు, వాడు పాడుకునే పాట వేరు. అక్కడ నేర్చుకున్న ప్రార్థన వాడికి నిద్రపట్టించేది కావచ్చు. నాకు ఇప్పటికీ ఆ వాక్యాలు వినిపిస్తే పెదాలు కదులుతాయి, వీపు మీద వేలు కదులుతుంది.

ఇక చట్టం సంగతి, మీకు పనికొచ్చేంత వరకు.

తట్లు మానకముందే తేదీ తెలిసేలా ఫోటోలు తీయండి. కావలి ఏరియా ఆస్పత్రిలో చూపించి చీటీలో గాయాలు రాయించుకోండి. పిల్లవాడు ఇప్పుడు మీ దగ్గరే ఉన్నాడు కాబట్టి నెల్లూరులో బాలల సంక్షేమ కమిటీ, అదే సీడబ్ల్యూసీ, ముందుకి తీసుకెళ్ళవచ్చు. అందులో ఒక ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు, కనీసం ఒకరు మహిళ. కోర్టులాగా భయపడాల్సిన చోటు కాదు. 1098కి చేసినా విషయం వాళ్ళ దగ్గరికే చేరుతుంది. పిల్లవాణ్ణి మీ దగ్గరే ఉంచుకోవడానికి కాగితం కూడా అక్కడే అడగండి. పిన్ని అయినంత మాత్రాన రేపు బోర్డింగువాళ్ళు "మీరెవరు" అంటే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. తగిన వ్యక్తిగా గుర్తించి అప్పగించే అధికారం కమిటీకి ఉంది.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, ఆదరణ లేని పిల్లల్ని ఉంచుకునే ఏ సంస్థ అయినా, ఏ మతానిదైనా, రిజిస్టర్ చేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ ఐదేళ్ళకి ఇస్తారు. ఉందో లేదో అడగండి. అదే చట్టం 75వ సెక్షన్: సంస్థలో పిల్లల బాగోగులు చూడాల్సిన ఉద్యోగే క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ళ దాకా కఠిన శిక్ష, ఐదు లక్షల దాకా జరిమానా. 82వ సెక్షన్‌లో దండించడానికి కొట్టినా శిక్ష ఉంది.

బళ్ళలో కొట్టకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. కానీ ఒక మెలిక ఉంది. 2012 సవరణ ప్రకారం మదర్సాలకి, వేద పాఠశాలలకి, ముఖ్యంగా మతబోధే చేసే సంస్థలకి ఆ చట్టం వర్తించదు. కొందరు దీన్ని చూపించి "మాకు రూల్సు లేవు" అంటారు. నాతోనే అన్నారు. విద్యాహక్కు చట్టం వర్తించకపోతే కొట్టే హక్కు వచ్చినట్టు కాదు. జువెనైల్ జస్టిస్ చట్టానికి అలాంటి మినహాయింపు లేదు.

టీసీ ఇవ్వకుండా తిప్పించుకుంటే భయపడొద్దు. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి పిల్లవాణ్ణి చేర్చుకోకుండా ఆపకూడదు, అది కూడా విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఇంటికి దగ్గరగా ఉన్న బళ్ళో ముందు చేర్చండి. ఖర్చు గురించి మీరు రాశారు. మిషన్ వాత్సల్య అనే కేంద్రప్రభుత్వ పథకం కింద అమ్మానాన్న లేకుండా బంధువుల దగ్గర పెరిగే పిల్లలకి నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, కుటుంబ ఆదాయానికి పరిమితి ఉంటుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. వెంటనే రాదు, తిరగాలి. తిరగండి.

ఇప్పుడు ఆ స్నేహితుడి విషయం. మీరు ఫిర్యాదు చేసి మీవాణ్ణి తీసేసుకుంటే, ఆ కోపం అక్కడ మిగిలినవాడి మీద పడుతుంది. ఇది నేను కళ్ళారా చూశాను. అందుకని కమిటీ ముందు మీ పిల్లవాడి పేరుతో పాటు ఆ పిల్లవాడి సంగతి కూడా చెప్పండి, వాడితో కూడా మాట్లాడమని రాతపూర్వకంగా అడగండి. రాతలో లేకపోతే ఎవరూ వెళ్ళరు. వాడికి బంధువులుంటే వాళ్ళకి కూడా మీరే ఫోన్ చేయండి. ఇద్దరూ ఐదో తరగతే కాబట్టి, నవోదయ ఆరో తరగతి పరీక్షకి ఇద్దరి చేతా రాయించవచ్చేమో, గడువూ అర్హతా చూసుకోండి. గురుకులాల్లో ఖాళీలుంటే ఇద్దరినీ ఒకేచోట వేయమని కూడా కమిటీని అడగవచ్చు. దొరుకుతుందని మాట ఇవ్వలేను. అడిగితే దొరికిన సందర్భాలు నాకు రెండున్నాయి.

పిల్లవాడికి మాత్రం జరగని మాట ఇవ్వకండి. "వాణ్ణి మనింటికి తెచ్చేసుకుందాం" అని ఊరడించడానికి కూడా అనొద్దు. "సంక్రాంతిలోపు ఒకసారి తీసుకెళ్ళి చూపిస్తాను" అనండి. క్యాలెండర్‌లో ఆ రోజుకి వాడి చేతే సున్నా చుట్టించండి. ఆ రోజు ఎంత పనున్నా వెళ్ళండి.

పెట్టె తెచ్చుకోవడానికి బోర్డింగుకి వెళ్ళాలి కదా. మీరొక్కరే వెళ్ళి తెచ్చేయొద్దు, మీ ఆయనో ఆయన అన్నగారో వెళ్ళి తెచ్చేయొద్దు. కమిటీ తరఫున ఒక మనిషిని తోడు అడిగి, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళండి. తరగతులు జరిగే వేళ కాకుండా సాయంత్రం వెళ్ళండి. ఇద్దరినీ ఒక అరగంట వదిలేయండి, చెట్టు కిందో బావి దగ్గరో, ఎక్కడ కూర్చుంటామంటే అక్కడ. ఏం మాట్లాడుకున్నారని అడగొద్దు. మీవాడు తన వస్తువు ఏదైనా వాడికి ఇస్తానంటే ఇవ్వనివ్వండి, కొత్త చొక్కా అయినా సరే. పెట్టెని వాళ్ళిద్దరి చేతే గేటు దాకా మోయించండి.

ఇంటి నుంచి రెండు పొట్లాలు కట్టుకుని వెళ్ళండి, రెండూ ఒకేలాంటివి. అరిసెలో, చెక్కలో, ఏదైనా. ఒకటి వాడికి, ఒకటి వీడికి.

ఒక నోటుపుస్తకం, పెన్ను కూడా తీసుకెళ్ళండి. ఆ పిల్లవాడి పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు, మండలం, వాణ్ణి తెచ్చి చేర్చిన మనిషి ఎవరు, ఫోన్ నంబరు, అన్నీ అడిగి రాసుకోండి. బుడ్డోడి అసలు పేరు నాకు హాజరుపట్టీలో వినిపించినంత వరకే తెలుసు. ఊరు అడగాలని పదేళ్ళ వయసులో మాకు తెలీదు. ఉద్యోగంలో చేరాక పాత రిజిస్టర్ల కోసం ఆ బోర్డింగుకి నాలుగుసార్లు వెళ్ళాను. చెదలు తినేశాయన్నారు. కావలి, గూడూరు, కందుకూరు, పొదిలి, ఎక్కడికి పనిమీద వెళ్ళినా ఆ వయసు మనిషి, పొట్టివాడు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూస్తాను.

ఊరి పేరు మాత్రం మర్చిపోకుండా రాసుకోండి చెల్లెమ్మా. కమిటీ ఆఫీసుకి వెళ్ళే ముందు ఏమైనా అనుమానాలుంటే ఇక్కడే అడగండి, ఆ రోజుల్లో నేను ఊళ్ళోనే ఉంటాను.